నేలకానిన బండి

"నువ్వు లోపలికి రావద్దు."

రంజిత వార్డు తలుపుకు అడ్డంగా నిలబడింది. బళ్ళారి ఆస్పత్రిలో అది మూడో పొద్దు. రాత్రంతా నేల మీద కూర్చుని కూర్చుని ఆమె చీర నలిగిపోయింది. గొంతు మాత్రం నలగలేదు.

ప్రకాశ్ రెండడుగుల దూరంలోనే ఆగిపోయాడు. విరిగిన ఎడమచెయ్యి కట్టులో మెడకు వేలాడుతోంది. ఒక్క చేత్తో వేసుకున్న చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పడ్డాయి. ఇంకెప్పుడైనా అయితే రంజిత నవ్వి తనే సరిచేసేది.

"ఒక్కసారి చూసి పోతా రంజితా. దూరం నుంచే."

"చూసి ఏం జేస్తావు? సూదితో గుచ్చితే తెలుస్తాండాదంట. కాలు కదిలించమ్మా అంటే కదల్లేదు. డాక్టరు అడుగుతాంటే అమ్మ నా మొగం చూస్తాండాది, నేనేదో కదిలిస్తానని." రంజిత ఆగి ఊపిరి తీసుకుంది. "ముందు దినం రాత్రంతా మేలుకొని పేపర్లు దిద్దినావు. కొంచేపు పండుకొని బయల్దేరు అని ఫోన్లో చెప్పినానా లేదా?"

"చెప్పినావు."

"మరి?"

ప్రకాశ్ మెడకు వేలాడే కట్టు సర్దుకున్నాడు.

మొదటి రోజు అతను అందరి దగ్గరా ఒకే మాట అన్నాడు. 'నేను నిద్రపోలేదు. బ్రేకు తొక్కినా, పడలేదు. బండి కుడికి లాక్కపోయింది.' రెండో రోజు అదే మాట కొంచెం మెల్లగా అన్నాడు. ఈ రోజు అసలు అనలేదు.

ఆ తేడా గమనించింది ఒక్క సిద్ధేశే. అక్కకు పదడుగుల దూరంలో, గోడవార బల్ల మీద, మందుల సంచి ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అమ్మకు ఇవ్వాల్సిన మాత్రలు తెచ్చి అరగంటయింది. ఇంకా లేచి ఇవ్వలేదు.

లోపల నుంచి ఎర్రప్ప వచ్చాడు. గనుల నుంచి ఖనిజం మోసే లారీ ముప్పై ఏండ్లు తోలిన మనిషి. భుజాలు ఇప్పటికీ స్టీరింగు పట్టుకున్నట్టే ముందుకు వంగి ఉంటాయి.

"యాల వచ్చినావు అల్లుడా?"

"అత్తను చూసి పోదామని, మామా."

"అత్త బస్సులో పోతా అన్నది. నేనే, బస్సెందుకే, అల్లుడు తీసుకపోతాడు, కారులో సుఖంగా పో అని కూచోబెట్టినా. నా చేత్తో తలుపేసినా." ఎర్రప్ప తన అరచెయ్యి ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఇంకా గట్టిగా మాట్లాడాడు. "బ్రేకు తొక్కితే బండి నిలబడ్తాదప్పా. ముప్పై ఏండ్లు తోలినా, నాకు తెల్దా? రోడ్డు మీద టైరు గీత గూడా లేదంట. నిద్రొచ్చింది అని ఒప్పుకో. ఒప్పుకుంటే మనిషి అంటాం. బండి మీదికి తోస్తే ఏమంటాం?"

ప్రకాశ్ తల ఎత్తాడు. మామ వైపు కాదు, బల్ల మీద కూర్చున్న బామ్మర్ది వైపు చూశాడు. ఒక్క క్షణమే. సిద్ధేశ్ ఆ చూపుకు తలొంచుకున్నాడు. మళ్ళీ ఎత్తేసరికి ప్రకాశ్ మెట్లు దిగి వెళ్ళిపోతున్నాడు.

"బావా" అని పిలవబోయాడు సిద్ధేశ్. మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఈ మూడు రోజులుగా అలాగే ఆగిపోతోంది.

అంతలో ఎర్రప్ప ఫోను మోగింది. కంప్లి స్టేషను నుంచి కానిస్టేబులు. మూడు గంటలకు బండిని పరీక్ష చేయడానికి ఆర్టీవో ఇన్‌స్పెక్టరు వస్తాడని, ఆలోపల కారులో ఉన్న సామాన్లు తీసుకుపొమ్మని చెప్పాడు.

"నేను పోయొస్తాలే నాయనా" అంటూ సిద్ధేశ్ గబుక్కున లేచాడు. "నువ్వు అమ్మ కాడ ఉండు. ఎండ గూడా శానా ఉండాది."

"రంజిత ఉండాది గదా. ఆ బండిని నేనొకసారి చూడల్ల."

"చూసి ఏమి చేస్తావు? ముందంతా నుజ్జయ్యిండాది..."

"పద" అన్నాడు ఎర్రప్ప.

*

బైకు వెనక తండ్రిని కూర్చోబెట్టుకుని కంప్లి దాకా సిద్ధేశ్ ఎట్లా నడిపాడో అతనికే తెలీదు. రోడ్డుకు రెండు పక్కలా వరిమళ్ళు. కాలవ నీళ్ళు. గతుకు కనబడినప్పుడల్లా సిద్ధేశ్ వేగం బాగా తగ్గించేవాడు.

కారు పేరుకు ఇంటిది, నిజానికి అతనిది. కూరెకుప్ప దగ్గర ఉక్కు కార్ఖానాలో క్రేను తోలే పని దొరికిన రెండో ఏడు, పాత తెల్లకారు ఒకటి కొన్నాడు. తన ఈడు వాళ్ళు కార్లను నేలకు ఆనించినట్టు దించి, ఫోటోలు తీసి పెట్టేవాళ్ళు. చక్రానికీ పై రేకుకూ మధ్య వేలు కూడా దూరకూడదు, అదీ అందం. రెండు నెలల కిందట హైవే పక్కన ఒక షెడ్డులో సిద్ధేశ్ కూడా తన కారు దింపించాడు. కొత్త స్ప్రింగులు వెయ్యలేదు. బండిని చక్రాల మీద ఎత్తి నిలిపే పాతవాటినే గ్రైండరుతో కోయించాడు. ఒక్కోదానికి రెండు చుట్లు.

ఇంటికి తెచ్చిన రోజు అమ్మ హొన్నూరమ్మ చూసి, "ఇదేందిరా, కారు కుక్కిలబడి పోతాండాది, ఒంట్లో బాగలేదా దీనికి" అని నవ్వింది.

ఎర్రప్ప నవ్వలేదు. "హంపు దాటేటప్పుడు అడుగు గీసుకుంటాది. షాకబ్జరు పగుల్తాది. మలుపులో రేకు టైరును తింటాది. బండిని చేసినోడు తెలివి తక్కువోడా? ఎంత ఎత్తుండాల్నో కొల్చి పెట్టినాడు. రేపటికల్లా సరి చేపిచ్చుకోని రా. లేకపోతే నా గడప ముందర నిలపొద్దు" అన్నాడు.

మూడో రోజు సిద్ధేశ్ కారును ఇంటి ముందు తెచ్చి నిలిపాడు. ఇంచు, ఇంచున్నర పైకి లేచింది. "కంపెనీ స్ప్రింగులే ఏపిచ్చినా నాయనా. చూసుకో" అన్నాడు.

ఎర్రప్ప చక్రం పక్కన చెయ్యి పెట్టి చూశాడు. కొడుకు మాట నమ్మాడు. కింద పడుకుని చూడలేదు.

సిద్ధేశ్ వేయించింది స్ప్రింగులు కాదు. కోసిన స్ప్రింగు చుట్ల మధ్యలో రబ్బరు ముక్కలు ఇరికించాడు. ఒక్కడే తోలుకుంటే అవి నిలిచేవి. బరువు పడితే జారిపోయేవి.

ప్రమాదం జరిగిన రోజు కంప్లిలో చిన్నాన్నగారింట్లో బిడ్డకు పేరు పెట్టే కార్యం. రంజిత ముందే వెళ్ళి అక్కడ వంటల్లో ఉంది. వెనక సీట్లో హొన్నూరమ్మ. డిక్కీలో రెండు మూటల జొన్నలు, ఇత్తడి గంగాళం. ప్రకాశ్ తోలుతున్నాడు. దరోజి దాటాక అతను సిద్ధేశ్‌కు ఫోన్ చేశాడు.

"సిద్దూ, మలుపు తిరిగినప్పుడల్లా ముందర ఎడమ చక్రం కాడ రాసుకుంటాండాది. కాలిన వాసన వస్తాండాది. నిలిపి చూడల్నా?"

ఆ మాటలకు తానిచ్చిన జవాబు సిద్ధేశ్‌కు ఈ మూడు రోజులుగా అన్నం తినేటప్పుడు, నీళ్ళు తాగేటప్పుడు కూడా వినిపిస్తోంది.

"అది మామూలే బావా. బరువుకు టైరు రేకుకు తగుల్తాది, ఏం కాదు. నిదానంగా పో. నాయనకు మాత్రం చెప్పొద్దు."

పావుగంట తర్వాత కాలవ వంతెన దగ్గర గడ్డి ట్రాక్టరు ఒకటి అడ్డం వచ్చింది.

*

స్టేషను వెనక ఖాళీ జాగాలో కారు ఉంది. ముందుభాగం కుడివైపు నుజ్జయింది. పగిలిన అద్దం పొడి సీట్ల మీద మెరుస్తోంది. తలుపు తీస్తూ కానిస్టేబులు, "సామాను మాత్ర తగొళ్రి, అది మాత్రమే తీసుకోండి. వేరే ఏమీ ముట్టుకోవద్దు" అని కన్నడం, తెలుగు కలిపి చెప్పి వరండాలోకి పోయాడు.

వెనక సీటు కింద హొన్నూరమ్మ చెప్పు ఒకటి ఉంది. ఎర్రప్ప దాన్ని తీసి, దుమ్ము తుడిచి, సంచిలో పెట్టాడు. రెండోది ఎంత వెతికినా కనబడలేదు. జొన్నమూట పగిలి గింజలు సీటు కిందంతా పరుచుకున్నాయి.

"చాలు నాయనా, పోదాం" అన్నాడు సిద్ధేశ్.

ఎర్రప్ప ముందు ఎడమ చక్రం దగ్గరకు వెళ్ళాడు. ఆ పక్క పెద్దగా దెబ్బ తగల్లేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు నేల మీద పరిచి, ఎన్నో వేలసార్లు లారీ కింద పడుకున్నట్టే పడుకుని, ఫోను లైటు వేసి చక్రం వెనక్కి చూశాడు.

ఎంతసేపు చూశాడో! సిద్ధేశ్‌కు తండ్రి కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. అవి కదలడం లేదు.

"రేయ్" అని కింద నుంచి వినబడింది. "ఈడికి రా."

సిద్ధేశ్ వంగాడు.

"పండుకో. పండుకొని చూడు."

పడుకున్నాడు. తండ్రీ కొడుకుల తలలు పక్కపక్కన చేరాయి.

"టైరు లోపలి అంచు చూడు. బోడిగుండు మాదిరి అరిగి తీగలు తేలినాయి. రెండు నెలల్లో ఇంత అరగదు, చక్రం వంకరగా నిలబడితే తప్ప." ఎర్రప్ప గొంతులో కోపం లేదు. క్లీనరుకు పని నేర్పేవాడిలా ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. "షాకబ్జరు చూడు. నూనె కక్కింది. అది చచ్చి శానా దినాలయింది. బండి రాయి మీద రాయి పడ్డట్టు పడ్తాండింటాది. ఇంగ ఇది చూడు."

లైటు ఒక నల్లటి పైపు మీద ఆగింది. బ్రేకుకు నూనె తెచ్చే రబ్బరు పైపు. చిటికెన వేలంత లావు. ఒక పక్క అరిగి, పలచబడి, చివరికి పగిలింది. అక్కడి నుంచి కారిన నూనె చక్రం లోపలంతా ఎండి మట్టి పట్టింది.

"బండి దిగినకొద్దీ ఈ పైపు వదులై టైరు మీదికి వాలింది. తిప్పినప్పుడల్లా టైరు దీన్ని కోసుకుంటా వచ్చింది. గట్టిగా తొక్కినప్పుడు పగిలింది. ఎడమపక్క బ్రేకు పోయింది, కుడిపక్క కొంచెం పట్టింది, రోడ్డు మీద గీత పడేంత గాదు. అందుకే బండి కుడికి లాక్కపోయింది." కొంచెంసేపు ఆగాడు. "ఆ పిల్లోడు చెప్పింది అదే గదా. మొదటి దినమే చెప్పినాడు. కుడికి లాక్కపోయింది మామా అని."

సిద్ధేశ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఎర్రప్ప చెయ్యి చాపి స్ప్రింగును తడిమాడు. చుట్లు లెక్కపెట్టాడు. కోసిన కొసను వేలితో రుద్దాడు. గ్రైండరు వేడికి ఇనుము నీలంగా కమిలి ఉంది. చుట్ల మధ్యలో నుంచి జారి స్ప్రింగు ఆనే పళ్ళెంలో పడి ఉన్న రబ్బరు ముక్క ఒకటి చేతికి తగిలింది. బయటికి తీసి వెలుతురులో చూశాడు.

"ఇదేంది?"

సిద్ధేశ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"కంపెనీ స్ప్రింగులు ఏపిచ్చినా అన్నావే. ఇదేంది సిద్దా?"

"తప్పయింది నాయనా."

"ఇదేంది అని అడుగుతాండా."

"రబ్బరు... పైకి లేస్తాదని పెట్టిచ్చినా. నువ్వు ఊరుకుంటావని." సిద్ధేశ్ బండి కింద నుంచి బయటికి జరిగాడు. "బావ దారిలో ఫోన్ గూడా చేసినాడు. రాసుకుంటాండాది, వాసన వస్తాండాది అన్నాడు. ఏం కాదు పో అన్నా. నీకు చెప్పొద్దు అన్నా."

ఎర్రప్ప లేచి కూర్చున్నాడు. తువ్వాలు మీద నుంచి నేలమీదికి జరిగాడు. కొట్టడానికి చెయ్యి ఎత్తుతాడనుకున్నాడు సిద్ధేశ్. ఎత్తితే బాగుండుననుకున్నాడు. ఎర్రప్ప ఎత్తలేదు.

"మూడు దినాలు" అన్నాడు ఎర్రప్ప, తనలో తాను అనుకున్నట్టు. "మూడు దినాలు ఆ పిల్లోన్ని మనిషి మాదిరి చూడలేదు. నిద్రొచ్చిందని ఒప్పుకో అన్నా. నువ్వు ఆ బల్ల మీద కూచోని విన్నావు."

"నాయనా, నాకు భయమేసింది. అమ్మ ఇట్లయ్యింది నా వల్ల అని తెలిస్తే... అక్క నా మొగం చూస్తాదా? అమ్మ చూస్తాదా? ఇంగ పని గూడా. పోలీసు కేసుంటే గేటులోకి రానీరు. నాకు దిక్కు తెలీలేదు."

"వాని మీద కేసు పడితే వాని మేస్టరు ఉద్యోగం నిలుస్తాదా?"

సిద్ధేశ్ చేతులకు అంటిన మట్టి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

వరండా వైపు చప్పుడైంది. కానిస్టేబులు నీళ్ళ సీసాతో ఇటే వస్తున్నాడు. అప్పుడు ఎర్రప్ప చేసిన పని ఏమిటో సిద్ధేశ్‌కు వెంటనే అర్థం కాలేదు. చేతిలోని రబ్బరు ముక్కను చొక్కా జేబులో వేసుకుని, పైన తువ్వాలు కప్పుకున్నాడు.

కానిస్టేబులు సీసా ఇచ్చి పక్కన నిలబడ్డాడు. "యాకప్పా, అళ్తా కూతిదీయ? ఏడిస్తే ఏమి వస్తాది పెద్దాయనా. ఇన్‌స్పెక్టరు సార్ వచ్చి సుమ్నె, ఊరికే ఒకసారి చూసి పోతాడు. ఇంగ మీకేం తొందర్లేదు. మీ అల్లుడు పొద్దన్నే వచ్చి రాసిచ్చి పోయినాడు గదా."

"ఏమి రాసిచ్చినాడు?"

"ముందు రాత్రి నిద్ర లేదు, తోల్తా తోల్తా కునుకు పట్టింది, తప్పు నాదే అని. సంతకం గూడా అయింది. కేసు సుళువైపోయింది."

కానిస్టేబులు మళ్ళీ వరండాలోకి వెళ్ళిపోయాడు. కాలవ గట్టున ఎక్కడో వరికోత మిషను తిరుగుతోంది. ఎర్రప్ప చేతిలో సీసా మూత తీయకుండా అలాగే ఉంది.

ఇప్పుడు ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. లేచి దుమ్ము దులుపుకుని ఆస్పత్రికి పోతే చాలు. ఆ సంగతి తండ్రికీ తెలుసు, కొడుకుకూ తెలుసు. తండ్రి చెయ్యి తువ్వాలు మీద, జేబు ఉన్న చోట ఆని ఉంది.

సిద్ధేశ్ ఫోను తీసి ప్రకాశ్‌కు చేశాడు. రెండోసారికి ఎత్తాడు.

"బావా, ఎందుకు అట్ల రాసిచ్చినావు?"

అవతల బస్సుల రొద. ఆటోల హారన్లు. ప్రకాశ్ గొంతు చాలా అలసిపోయి ఉంది.

"ఇంగేం చేయల్ల సిద్దూ? మీ అక్కకు నా మీద కోపం ఉండాది. ఉండనీ. అది ఒక మనిషినే పోగొట్టుకుంటాది. నీ పేరు చెప్తే తమ్మున్ని గూడా పోగొట్టుకుంటాది. అత్తకు లేవలేని రోజుల్లో కొడుకు గూడా లేకుండా పోతే ఎట్ల? విడిచిపెట్టు."

ఫోను ఆగిపోయింది.

*

ఇన్‌స్పెక్టరు మూడుంపావుకు వచ్చాడు. కళ్ళద్దాలు, చేతిలో అట్ట, దానికి బిగించిన కాగితాలు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. లోపలికి తొంగిచూసి బ్రేకు పెడలు చేత్తో నొక్కాడు. అది సగానికి పైగా మెత్తగా దిగిపోయింది. కనుబొమలు ముడివేశాడు.

"ఎవరు మీరు?"

ఎర్రప్ప చెయ్యి జేబు మీదికి పోయింది. ముప్పై ఏండ్లలో ఎన్ని చెక్‌పోస్టుల్లో ఎంతమంది అధికారుల ముందు నిలబడ్డాడో! ఎప్పుడూ ఇట్లా ఒకటి దాచుకుని నిలబడలేదు.

సిద్ధేశ్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"సార్, బండి నాది. స్ప్రింగులు నేనే కోపిచ్చినా. టైరుకు రాసుకొని బ్రేకు పైపు పోయింది. మా బావకు నిద్ర రాలేదు సార్. దారిలో ఫోన్ చేసి చెప్పినాడు, నేనే నిలపొద్దు అన్నా. ఈ ఫోన్లో ఆ టైము గూడా ఉండాది, చూడండి."

ఇన్‌స్పెక్టరు అట్ట దించి అతని ముఖంలోకి చూశాడు. "ఏమి చెప్తాండావో తెలిసే చెప్తాండావా తమ్మా?"

"తెల్సు సార్."

"తోలినోడు కునుకు పట్టిందని రాసిచ్చిండాడు. నువ్వు బండి చెడగొట్టినా అంటావు. ఒక యాక్సిడెంటుకు ఇద్దరు తప్పు నాదంటే నాదని నిలబడితే, అబద్ధం రాసిచ్చినోని మీద గూడా స్టేషనోళ్ళు అడుగుతారు. దానికి ఏమంటావు?"

ఈ సంగతి సిద్ధేశ్ ఆలోచించలేదు. బావను విడిపించబోయి ఇంకో ముడి వేశాడా? తిరిగి తండ్రి వైపు చూశాడు.

ఎర్రప్ప జేబులోంచి రబ్బరు ముక్క తీసి నలిగిన బానెట్టు మీద పెట్టాడు.

"ఇది స్ప్రింగు మధ్యలో ఉండె సార్. నేనే తీసి దాచినా. కొడుకని దాచినా. నన్ను గూడా రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు ఆ ముక్కను చూశాడు. తర్వాత చక్రం దగ్గర వంగి ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. పోతూ పోతూ, "రేపు పది గంటలకు బండి కాగితాలు, లైసెన్సు తీసుకోని స్టేషనుకు రా. మీ బావను గూడా రమ్మను" అన్నాడు.

*

ఆస్పత్రి చేరేసరికి పొద్దు వాలుతోంది. వార్డు బయట వరండాలో రంజిత అన్నం డబ్బా తెరిచి ముందు పెట్టుకుని, తినకుండా కూర్చుని ఉంది.

"సామాను దొరికిందా?" అంది.

సిద్ధేశ్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాడు. కోసిన చుట్ల నుంచి ఫోను దాకా, ఫోను నుంచి ప్రకాశ్ రాసిచ్చిన కాగితం దాకా. ఏదీ తగ్గించలేదు. ఎర్రప్ప కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు.

రంజిత అరవలేదు. డబ్బా మూత మెల్లగా పెట్టింది. అది సరిగా పడకపోతే తీసి మళ్ళీ పెట్టింది.

"అమ్మ ఆ సీట్లో కూచునేటప్పుడు, నీకు తెల్సు?"

"రబ్బరు నిలబడ్తాదనుకున్నా..."

"తెల్సా, తెల్దా?"

"తెల్సు."

"నిన్న ఈడనే, నీ ముందర, ఆయన్ను నేను ఏమేమి అన్నా?"

"అక్కా..."

"అన్నీ విన్నావు. విని నాకు నీళ్ళ బాటిలు తెచ్చిచ్చినావు." లేచి నిలబడింది. "నన్ను ఇప్పుడు ముట్టుకోవద్దు. మాట్లాడొద్దు. ఆయన యాడ?"

"బస్టాండు కాడ ఉన్నట్టుండె..."

ప్రకాశ్ బస్టాండులో లేడు. అందాకా పోయి, ఏ బస్సూ ఎక్కలేక తిరిగొచ్చాడు కాబోలు, ఆస్పత్రి గేటు పక్క టీ అంగడి బల్ల మీద ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు మీద మీగడ కట్టింది. రంజిత పరుగున వచ్చి అతని ముందు ఆగింది. రొప్పుతోంది.

"సిద్దు చెప్పినాడు. అంతా చెప్పినాడు. పోలీసోళ్ళకు గూడా చెప్పినాడు."

ప్రకాశ్ కళ్ళు ఒక్కసారి మూసి తెరిచాడు. "చెప్పకుండా ఉండాల్సింది."

"నాకెందుకు చెప్పలేదు నువ్వు? నేను నీ పెండ్లాన్ని గదా!"

"చెప్పినా. మొదటి దినం. బ్రేకు పడలేదు, నిద్రపోలేదు అని నీకే ముందు చెప్పినా. నువ్వు విన్లేదు." అతని గొంతులో నింద లేదు. పాఠం ఒప్పజెప్పే పిల్లవాడిలా వరుసగా చెప్పుకుపోయాడు. "రెండో దినం మామ అన్నాడు, ముప్పై ఏండ్లు తోలినోడు. నువ్వన్నావు. చిన్నాన్న అన్నాడు. ఇంతమంది అంటే నిజమేమో అనిపించింది. రాత్రంతా మేలుకొన్న మాట నిజమే గదా. ఈ పొద్దు స్టేషన్లో రాసేటప్పుడు, సిద్దు కోసం అబద్ధం రాస్తాండానా, నిజంగానే కునుకు తీసి మర్చిపోయినానా, నాకే తెలీలేదు రంజితా. పెన్ను పట్టుకోని శానాసేపు కూచున్నా. నా కండ్ల మీద నాకే నమ్మకం పోయింది."

రంజిత చెయ్యి ముందుకు చాపింది. తప్పుగా పడిన అతని చొక్కా గుండీ దగ్గరకు వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఏ హక్కుతో ముట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"తప్పయింది. నా నోరు కాల్చు. ఏమన్నా అను. ఇంటికి పోదాం రా."

"అనడానికేముంది?" ప్రకాశ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేను నిద్రపోలేదని ఇప్పుడు నమ్ముతాండావు. నేను చెప్పినందుకు కాదు. నీ తమ్ముడు చెప్పినందుకు."

టీ అంగడివాడు రేడియో గొంతు తగ్గించాడు.

"రంజితా!"

పైనుంచి ఎర్రప్ప కేక. రెండో అంతస్తు కిటికీలోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపుతున్నాడు. "బేగి రామ్మా! డాక్టరు పిలుస్తాండాడు. అమ్మను ఆపరేషనుకు ఇప్పుడే తీసుకపోతారంట. కూతురి సంతకం గూడా కావల్లంట!"

రంజిత తలెత్తి పైకి చూసింది. తండ్రి వెనక తెల్లకోట్లు అటూ ఇటూ కదులుతున్నాయి. ఎవరో స్ట్రెచరు తోసుకొస్తున్నారు.

"వస్తాండా నాయనా!" అని అరిచి, భర్త వైపు తిరిగింది. "నువ్వూ రా. ఇంగ నిన్ను ఎవరూ అడ్డుకోరు. అంతా అయినాంక ఇద్దరం మన ఇంటికి పోదాం."

ప్రకాశ్ మంచి చెయ్యి బల్ల మీద ఆనించి మెల్లగా లేచాడు. ఆమె పట్టుకోబోతే తనంతట తానే నిలబడ్డాడు. పైన కిటికీ వైపు చూశాడు. గేటు బయట తన పుట్టినూరికి పోయే సిరుగుప్ప బస్సు ఆగి ఉన్న వైపు చూశాడు.

"నువ్వు పో. అమ్మను చూసుకో" అన్నాడు. "మన ఇల్లు అంటాండావే... అది యాడుండాదో నాకు ఇప్పుడు తెలీడం లేదు రంజితా."

పైనుంచి ఎర్రప్ప మళ్ళీ పిలిచాడు. ఈసారి ఆ గొంతులో భయం ఉంది. కండక్టరు బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

రంజిత ఆస్పత్రి మెట్ల వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. వెనక్కి తిరగకుండానే, అతని అడుగులు ఎటు పోతున్నాయో వినడానికి చెవులు రిక్కించింది.